రెండు పౌన్ల దారం

సరస్సు మంచు వదిలి మూడు వారాలు.
నీళ్ల రంగు ఇంకా ఇనుమే.
ఎరల కొట్టు తలుపు గంట మోగితే
తలెత్తకుండానే చెప్పగలను, ఓర్విల్ టెస్కీ అని.
గడప దగ్గర ఆగి
ఎడమకాలు లోపల పెట్టి
కుడికాలిని పిలుచుకుంటాడు.

కాగితం మిల్లులో ముప్ఫై ఏళ్లు దుంగలు దొర్లించినవాడు.
నలభై పౌన్ల దారానికి తక్కువది ముట్టేవాడు కాదు.
తెగేదాన్ని దారమనరు, బూజంటారు, అనేవాడు.
గోడమీద ఆ మస్కీ,
నోరు తెరుచుకుని, పళ్లమధ్య దుమ్ముతో,
అతను పట్టిందే.

ఇవాళ కౌంటరుకి మోచెయ్యి ఆనించి
"అన్నిటికన్నా సన్నది ఇవ్వు, ఆర్డిస్" అన్నాడు.

నేను నవ్వలేదు.
రెండు పౌన్లది తీశాను.
కిటికీ వైపు ఎత్తితే ఉంది,
దించితే లేదు.

బెండ్ల డబ్బా దగ్గర మాత్రం తగువే.
కోడిగుడ్డంత ఎర్రది గుప్పిట పట్టుకుని వదలడు,
దూరానికి కనబడుతుందట.
నీకు కనబడితే చాలదయ్యా,
చేపకి బరువనిపించకూడదు.
బ్లూగిల్ కొరకదు, పీలుస్తుంది.
గుక్కెడు నీళ్లతో ఎరని నోట్లోకి లాక్కుని
ఒక్క క్షణం ఆలోచిస్తుంది.
పైన ఎవరో పట్టుకున్నారనిపించిందా,
ఉమ్మేస్తుంది.
నీ బెండు ఊగనైనా ఊగదు.

పెన్సిల్ ముక్కంత బాల్సా బెండు,
ఆవగింజంత సీసం,
దానికి జానెడు కింద పన్నెండో నంబరు గాలం.
బెండు మెడదాకా మునగాలి,
నెత్తి ఒక్కటే పైన.
చేప ఊపిరికైనా సరే అనేసేలా.

"మరి ఇది?" అన్నాడు.
కుడిచెయ్యి ఎత్తి కౌంటరు మీద పెట్టాడు,
ఎవరో మర్చిపోయిన చేతితొడుగుని
తెచ్చి అప్పజెప్పినట్టు.
జనవరి నుంచీ దానికి వేణ్ణీళ్లూ తెలీవు,
చన్నీళ్లూ తెలీవు.

"అందుకేగా బెండు," అన్నాను.
"చెయ్యి మానేసిన పని కన్ను చేస్తుంది."

ముడి నేనే వేశాను. అయిదు మెలికలు,
వెనక్కి ఒకటి.
బిగించేముందు తడపాలి, లేకపోతే వేడికి దారం చస్తుంది.
నోటి దగ్గరికి తీసుకెళ్లబోతే
"అది నన్ను చెయ్యనీ" అని వంగాడు.
ఒక పక్కకి జారిన పెదవి,
దానిమీద వెంట్రుకలాంటి దారం.
చాలాసేపు తడిపాడు.

కొట్టు కట్టేవేళకి మళ్లీ గంట.
బకెట్లో మూడు, అరచేతికి మించవు,
పెనంలో పక్కపక్కన సర్దుకునేవి.
నాలుగోది పాత లాగుడు లాగేడట,
పుటుక్కుమందట.
చెబుతూ తెగ మురిసిపోయాడు.

బల్లమీద నీళ్లు కారుతుంటే
డబ్బాలోకి తొంగి చూసి అడిగాడు:

"దీనికన్నా చిన్నది లేదూ?"