శనివారానికి ఎన్ని

అర్వో ఫోన్ చేశాడు. ఎప్పట్లాగే ముందు మంచు సంగతి.
కంకర గుంట దారి తేలిందట,
బురద మోకాటి దాకా ఉన్నా ట్రక్కు పోతుందట,
సుపీరియర్ సరస్సు మీద గడ్డ మాత్రం ఇంకా పగల్లేదట.
తర్వాత గొంతు సవరించుకుని,
"శనివారం రేంజికి వస్తావా?
వస్తే, ఎన్ని తెమ్మంటావు?"

ఎన్ని.

ఒకప్పుడు ఈ లెక్కే నాకు పండగ.
శుక్రవారం రాత్రి అన్నిటినీ మంచం మీద పరిచేవాణ్ణి.
దుప్పటికి నూనె మరకలని మార్లీస్ తిట్టేది.
నాన్న జింకల వేటకు వాడిన పాత రైఫిల్, అది తప్పదు.
రెండు గొట్టాల షాట్‌గన్,
ఎవరైనా మట్టి పళ్ళేలు ఎగరేస్తే? ఉండనీ.
రివాల్వర్ చిన్నదేగా, బరువా పాడా.
కొత్తదానికి దుర్భిణీ సరిచూడాలి.
ఇక ఇరవై రెండు బోరుది, చవక తూటాలది,
చేయి కుదురుకోవడానికి.
ఐదు తుపాకులు, ఐదు రకాల తూటాలు,
వీపు విరిగే మూడు సంచులు.

రేంజిలో ఉండేది రెండు గంటలు.
అందులో విప్పడానికి కొంత, కట్టడానికి కొంత.
నిజంగా కాల్చేది ఒకటో రెండో.
మిగతావి ఊరికే ఎండ చూసి ఇంటికొచ్చేవి.
అర్వో మాత్రం ఒక్కటే తెచ్చేవాడు,
మడమ నిండా గీతలున్నది, తాకట్టు కొట్టువాడు కూడా వద్దన్నది.
వాడి గుళ్ళన్నీ అరచేయంత చోట పడేవి.
నావి ఊరు తిరిగొచ్చేవి.
"నీ ఐదింట్లో ఒక్కటీ నిన్ను గుర్తుపట్టదు, రైనో" అనేవాడు.

మొన్న నవంబరులో,
మార్లీస్ డులూత్ వెళ్ళిపోయి ఆరు వారాలైన ఓ రాత్రి,
రెండున్నరకు నేనే ఫోన్ చేశాను.
"బీరువా తాళంచెవి నీ దగ్గరుంచుకో" అన్నాను.
ఎందుకని అడగలేదు.
బూట్ల తాళ్ళు కట్టుకోకుండానే వచ్చాడు.
తాళంచెవి ముట్టుకోలేదు, ఐదింటినీ పట్టుకుపోయాడు,
దుప్పట్లలో చుట్టి, ఒక్కొక్కటిగా,
జ్వరమొచ్చిన పిల్లల్ని ట్రక్కెక్కించినట్టు.
తర్వాత లోపలికొచ్చి కాఫీ కాచాడు, తెల్లారేదాకా కూర్చున్నాడు.
వెళ్తూ వెళ్తూ కరెంటు బిల్లు వెనక రాసిచ్చాడు:
"రైనోవి ఐదు. నా దగ్గరున్నాయి. అర్వో."
ఆ చీటీ ఫ్రిజ్ తలుపుకే ఉంది,
చేప బొమ్మ అయస్కాంతం కింద.

చలికాలమంతా ఆదివారం ఆదివారం వచ్చాడు.
పేకాడాం. ఓడినప్పుడల్లా ముక్కలు విసిరేశాడు.
తుపాకుల ఊసెత్తలేదు, ఒక్కసారి తప్ప,
"నూనె రాశాన్లే, తుప్పు పట్టలేదు."

ఇప్పుడు తీగ అవతల వాడి ఊపిరి.
చూరు మీది మంచు చుక్కలు చుక్కలుగా
బకెట్లోకి దిగుతోంది.
ఐదంటే భయపడతాడు.
అసలొద్దంటే ఇంకా భయపడతాడు.
నాన్న రైఫిలా,
దాన్నింకా చేతుల్లోకి తీసుకోలేను.

"ఇరవై రెండు" అన్నాను.
"అన్నెక్కడివిరా, నా దగ్గరున్నవి ఐదేగా!"
ముందు వాడే నవ్వాడు.
ఆ నవంబరు తర్వాత
మా మధ్య పేలిన మొదటి వెర్రి హాస్యం ఇదే.

"ఆ చిన్నదొక్కటే చాలు. తూటాలొక పెట్టె."
"నీ పక్కనే నిలబడతాను" అన్నాడు,
"గాలి ఎటుందో చెప్పాలిగా."
మూడు వైపులా గట్లున్న గుంటలో
గాలెక్కడిది.
"నిలబడు" అన్నాను.
"అయ్యాక దాన్ని మళ్ళీ నువ్వే తీసుకెళ్ళు."

చాలాసేపు ఏమీ అనలేదు.
ఫోన్ తెగిందేమోనని చెవి మార్చుకున్నాను.

"మరి శాండ్‌విచ్‌లు ఎన్ని తెమ్మంటావు?"

"నాలుగు" అన్నాను,
ఏమీ ఆలోచించకుండా.