ఏడు నిమిషాలు

మా ఊరి పేరుకు అర్థం పడవ.
నీళ్లు మాత్రం లేవు.
ఉన్న వాగుల్ని బట్టల మిల్లుల కాలంలోనే
రోడ్ల కింద కప్పెట్టేశారు.
వాటి మీదే నేను రోజూ ట్రామ్ నడుపుతాను.

ఫిబ్రవరి రాత్రి. గిన్నెలు కడగడం అయింది.
బోగ్నా కరెంటు బిల్లు వెనక్కి తిప్పి
నడిమికి పెన్సిల్‌తో గీత గీసింది.
ఇటు ఖర్చులు. అటు బాల్టిక్ సముద్రం.
అటువైపు ఇంకా ఏమీ రాయలేదు.

ఆమెకు ఆసుపత్రి ఇచ్చిన సెలవూ
నాకు డిపో ఇచ్చిన సెలవూ
ఒకదానిమీద ఒకటి పరిస్తే
జులైలో కలిసింది ఆరు రోజులు,
తల కప్పితే కాళ్లు బయటపడే దుప్పటి.

రైలుకింత. గదికింత. పొగబెట్టిన చేపకింత.
ఇసుకలో పాతుకునే గాలితెరకింత
(పాతది పైఅంతస్తు వాళ్లు అరువు తీసుకెళ్లారు,
ఇచ్చింది తిరిగి అడగడం బోగ్నాకు చేతకాదు).
వానొస్తే పిల్లల్ని ఏం చెయ్యాలో, దానికింత.
"రాకపోతే?" అన్నాను.
తలెత్తకుండానే ఆ అంకె కింద ఇంకో సున్నా చుట్టింది.

యాగ్నాకు పదమూడు.
గడప మీదే నిలబడి షరతులు చెప్పింది.
తమ్ముడితో ఒకే మంచం కుదరదు.
నలుగురికీ ఒకే రంగు టోపీలు అసలే కుదరవు.
తడిబట్టల్లో ఫోటోలు తియ్యకూడదు.
నాలుగోది ఆలోచించుకుని చెబుతుందట.

గుచోకు ఐదు. సముద్రం చూడలేదు.
నెల్లాళ్లుగా వాడిది ఒక్కటే ప్రశ్న:
మనం వెళ్లేసరికి అది ఉంటుందా?
వాణ్ణి అని లాభం లేదు. పోయిన ఎండాకాలం
సర్కస్ చూపిస్తామని తీసుకెళితే
అది ముందురోజే గుడారం చుట్టుకుని పోయింది.
మైదానంలో మేకుల గుంటలు, రంపపు పొట్టు,
ఒక ఒంటె పెంట.
అప్పట్నుంచి వాడు దేన్నీ మాటమీద నమ్మడు.

ఎనిమిదింటికి గది యజమానురాలికి ఫోన్ చేశాం.
హాల్ష్కా గారు. గరుకు కాగితం లాంటి గొంతు.
కింద చేపలకు పొగబెట్టే కొట్టు, పైన గది.
వాసనొస్తుంది, ముందే చెబుతున్నా.
సముద్రానికి ఏడు నిమిషాలు.
"పిల్లలతోనా?" అంది బోగ్నా.
అటునుంచి కాస్త ఆగి, "పిల్లలతో ఇరవై.
దారిలో వాఫెల్ కొట్టు ఉంది. అది నా తప్పు కాదు."
మూడోవంతు అడ్వాన్సు. రాకపోతే తిరిగివ్వదు.
కుక్కలు వద్దు. తాబేలైతే ఆలోచిస్తుంది.

గుచో కుర్చీ ఎక్కి ఫోన్ లాక్కున్నాడు.
"జులైలో కూడా అది అక్కడే ఉంటుందా?"

నవ్వుతుందనుకున్నాం. నవ్వలేదు.
అడ్వాన్సు అడిగిన గొంతుతోనే
"ఉండు, చూసొస్తా" అంది.

చెక్కమెట్లు. కీచుమన్న తలుపు.
ఎవర్నో తిట్టింది, పిల్లి కావచ్చు.
తర్వాత మంచు మీద బూట్లు, కరకర కరకర,
వెనక్కి నడుస్తున్న లారీ కూత,
ముసలి ఊపిరి, ఒక సీగల్ అరుపు, మళ్లీ బూట్లు.
టీ చల్లారింది. ఎవరం కూర్చోలేదు.
షరతులన్నీ మరిచిపోయి యాగ్నా కూడా
నా మోచేతి మీదుగా చెవి వంచింది.
బోగ్నా గడియారం చూసింది: తొమ్మిది నిమిషాలు.
"మంచు కదా," అన్నాను ఆవిడ తరఫున.

అప్పుడొచ్చింది చప్పుడు.
నాకు మాత్రం డిపోలో
ట్రాములు కడిగే షెడ్డు గుర్తొచ్చింది.
గుచో కళ్లు మూసుకుని చాలాసేపు విన్నాడు,
డబ్బు లెక్కపెట్టుకునే వాడిలా.
"ఉంది," అన్నాడు మాతో.

"ఇప్పటికి ఉంది," అంది గాలిలోంచి గొంతు.
"జులై సంగతి జులైలో.
అడ్వాన్సు శుక్రవారం లోపల."

ఫోన్ పెట్టేశాక యాగ్నా
మళ్లీ గడప మీదికి వెళ్లి నిలబడింది.
నాలుగోది:
ఒక్క ఉదయం, ఎవరూ లేవకముందు,
తనొక్కతే వెళ్తుంది. ఏడు నిమిషాల్లో.

బోగ్నా పెన్సిల్ గాలిలో ఆగిపోయింది.
ఆ మాట గీతకు ఏ వైపు రాయాలో
మా ఇద్దరికీ తెలియలేదు.