ఎడమచేతి గీతలు

లేవార్డెన్‌లో నవంబరు.
కాలువ ఇంకా గడ్డకట్టలేదు, కట్టాలా వద్దా అని చూస్తోంది.
మూడో అంతస్తులో నా బల్ల, నల్ల మఖమలు గుడ్డ,
మెడ వంచిన దీపం,
పది రెట్లు పెంచి చూపే కన్ను.

నా పని నాణేలకు మార్కులు వెయ్యడం.
ఒకటి నుంచి డెబ్భై దాకా.
డెబ్భై తెచ్చుకున్నదాన్ని ఎవరూ ఎన్నడూ ఖర్చుపెట్టి ఉండరు.
సంతకు వెళ్ళలేదు, పేకాటలో ఓడిపోలేదు,
చెమట పట్టిన ఏ గుప్పిట్లోనూ వేడెక్కలేదు.
బతకనిదానికే మా దగ్గర పూర్తి మార్కులు.

ఇరవై రెండేళ్ళుగా ఇదే.
రంగు చూసి చెప్పగలను:
ఓకు చెక్క సొరుగులో నిద్రపోయిన వెండికి తేనెరంగు నలుపు,
గంధకం కాగితంలో చుట్టినదానికి నెమలికంఠం,
ఓడతోపాటు ఉప్పునీళ్ళలో మునిగినదానికి
మశూచి పోసిన మొహం.
మోగించి వింటే దొంగనాణెం దగ్గుతుంది.

ఆవేళ వచ్చినవాడి పేరు వీబ్రెన్ హుకెమా.
హార్లింగెన్ రేవులో పాముచేపలు పొగబెట్టి అమ్మేవాడట,
కోటుకింకా ఆ వాసన.
పొగాకు డబ్బా తీశాడు,
డబ్బాలో రుమాలు,
రుమాల్లో సింహం.

పదహారువందల ఏడు నాటి డాల్డర్.
ఒకపక్క డాలు వెనక నిలబడ్డ యోధుడు,
రెండోపక్క వెనకకాళ్ళ మీద లేచిన సింహం,
చుట్టూ లాటిన్‌లో: ప్రభువును నమ్మినవాడు చలించడు.
నమ్మినవాడు మిగిలాడు.
చలించడు సగం చెరిగిపోయింది.

తూకంలో గ్రాముకు పైగా తక్కువ.

ఈ రకానికి పుట్టుకలోనే నీరసం.
టంకశాలలో సుత్తిదెబ్బ సరిగా పడక
యోధుడికి మోకాలు ఏనాడూ లేదు.
పనిలోకి కొత్తగా వచ్చినవాళ్ళు అక్కడే తప్పుతారు:
పుట్టుకతో రానిది వేరు, బతికి పోగొట్టుకున్నది వేరు.
మొదటిది క్షమిస్తాం.
రెండోదానికి కోస్తాం.

దీపం వంచి నాణెం తిప్పాను.
వెలుగు వెండి మీద బండిచక్రంలా తిరగాలి.
తిరగలేదు. వేల గీతలు లేచి నిలబడ్డాయి,
తడిజుట్టు దువ్వినట్టు.

"తోమారు," అన్నాను.
"అమ్మ," అన్నాడు. "ప్రతి శనివారం. సుద్దపొడి, కాస్త వెనిగరు.
చెంచాలన్నీ అయ్యాక, ఆఖర్న ఇది."

మా పుస్తకంలో దానికో మాట ఉంది:
శుభ్రం చేయబడినది.
ఆ మాట పడ్డాక అంకె పడదు.
చీటీ మీద పేరు, సంవత్సరం, ఆ నేరం.
"ఎవరు చేశారో రాస్తారా?" అని అడిగాడు, అమాయకంగానే.
మా చీటీలో అలాంటి గడి లేదు.

ఎందుకో మళ్ళీ చూశాను.
గీతలన్నిటిదీ ఒకటే వంపు,
మామూలుగా నేను చూసే వంపుకు ఎదురు.
సింహం నడుం దగ్గర లోతు, బొటనవేలు ఆనేచోట.
"ఆవిడది ఎడమచేతివాటమా?"

అతను కిటికీ వైపు తిరిగాడు.
బయట ఒల్డెహోవ గోపురం,
కడుతూండగానే ఒరిగితే అలాగే వదిలేసినది.
చాలాసేపు దాన్నే చూశాడు.
"బళ్ళో ఆ చెయ్యి కుర్చీకి కట్టేసేవాళ్ళట.
అన్నీ కుడిచేత్తోనే నేర్చుకుంది. రాత, కుట్టు, గరిటె.
ఇదొక్కటి మాత్రం
తలుపేసుకుని తోమేది."

నాకేం అనాలో తెలీలేదు.
పెట్టె గురించి చెప్పాను. గాజులాంటి ప్లాస్టిక్,
చుట్టూ అతుకు, గాలి చొరదు, వేలు తగలదు.
"మళ్ళీ తియ్యాలంటే?"
"పగలగొట్టాలి."
రుమాలు మడిచాడు.
డబ్బా మూత పడినప్పుడు చిన్న చప్పుడు.
రుసుము తీయబోతే పని పూర్తికాలేదన్నాను,
చిల్లర కూడా లేదన్నాను. ఉంది.

రిజిస్టర్లో: యజమాని వాపసు తీసుకున్నాడు. గ్రేడు, ఒక అడ్డగీత.

దీపం ఆర్పబోతూ చూస్తే
నల్లగుడ్డ మీద చిటికెడైనా లేని తెలుపు,
సింహం జూలు మడతల్లోంచి రాలిన సుద్ద.
ఒక నాణేనికీ ఇంకో నాణేనికీ మధ్య గుడ్డ దులపాలి, అది నియమం.
వరసలో తర్వాతిది, వియన్నా నుంచి వచ్చిన పెద్ద తాలెర్,
సోమవారం దాకా ఆగింది.