ఇల్లు లారీ మీద వచ్చింది

ఇల్లు లారీ మీద వచ్చింది.
చంద్రగిరి మలుపులో టైరు పంక్చరై
రెండు గంటలు రోడ్డు పక్కన నిలబడిందంట,
తలుపూ కిటికీ వంటగట్టుతో సహా.
టీకొట్టాయన లోపలికి తొంగి చూసి
"ఎవురిదప్పా ఈ కొంప, యాడికి పోతాంది?" అన్నాడంట.
నాదే సామీ.
ముప్పై మూడేండ్లు ఊరందరికీ దారి చెప్పినదాన్ని,
నా ఇంటికి దారి ఎవరో డ్రైవరు కనుక్కున్నాడు.

తిరపతి బస్టాండులో మైకు ముందు కూర్చునేదాన్ని.
"మదనపల్లె, వయా భాకరాపేట, పీలేరు,
బయలుదేరుటకు సిద్ధముగా ఉన్నది."
ఆ 'సిద్ధముగా'ను కొంచెం సాగదీసేదాన్ని,
మూటతో పరిగెత్తి వచ్చేవాళ్ళకు
నాలుగడుగులు అప్పిచ్చినట్టు.
ముఖం ఎవరికీ తెలీదు.
అంగట్లో వంకాయలు బేరమాడితే మాత్రం
"కాళాస్తిరి బస్సు మీరే కదమ్మా" అనేవాళ్ళు.

కొర్లగుంటలో మూడో అంతస్తు.
యాభై ఒక్క మెట్లు. లెక్కపెట్టింది మోకాళ్ళు.
అమ్మేవి అమ్మి, ఇచ్చేవి ఇచ్చి వస్తే
ఇనుప బీరువా కొత్త గుమ్మంలో ఇరుక్కుంది.
కొలత నాలుగు వేళ్ళు తప్పింది.
ఇప్పుడది బయట, మామిడి చెట్టు కింద,
పట్టుచీరల అరలో వేపపిండి సంచితో.

తోతాపురి తోపులో ముప్పై ఆరు ఇండ్లు.
అన్నిటికీ ఇనుప కాళ్ళు, అదే పచ్చ రేకు, అవే మూడు మెట్లు,
రాత్రి డిపోలో నిలిపిన బస్సుల మాదిరి.
గోడకు మేకు కొట్టరాదు.
పది దాటాక రోలు వాడరాదు.
కాగితం మీద సంతకం పెట్టి లోపల గోడకు ఆనుకుంటే
గోడ కూడా నాకు కొంచెం ఆనుకుంది.
కొండ ఇక్కణ్ణుంచి వేరేగా ఉంటుంది.
ఇన్నాళ్ళూ ముఖం చూసినదాన్ని,
ఇప్పుడు దాని చెవి చూస్తున్నాను.

మొదటి నెల నిద్ర లేదు, చప్పుడు లేక.
తెల్లారి నాలుగూ నలభైకి మెలకువ వచ్చి
పెదాలు వాటంతటవే కదిలేవి.
నెల్లూరు, వయా నాయుడుపేట.
చెట్టు మీద ఏదో పిట్ట
తనకు కాదులే అన్నట్టు ఊరుకునేది.

పదిహేనో ఇంటి చెంగల్రాయులు
రేణిగుంటలో బట్టలు కుట్టిన మనిషి.
ఇప్పటికీ సూదిలోకి దారం ఎక్కిస్తాడు,
మధ్యాహ్నం తిన్నాడో లేదో చెప్పలేడు.
కార్తీకంలో ముసురు పట్టిన రాత్రి, కరెంటు పోయి,
"ఆయన లేడు" అని అమ్మణ్ణి కేక.
అన్నీ ఒకే ఇండ్లు కదా.
మూడు మెట్లు ఎక్కి, తలుపు తోసి,
తనది కాదని దిగి, ఇంకో మూడు మెట్లు ఎక్కి,
ఎన్ని ఇండ్లు తిరిగినాడో ఆ వానలో.

హాల్లో మైకు ఉంది, దానికి కరెంటు లేదు.
నా పై మెట్టు మీద నిలబడి అరిచినాను.
"ప్రయాణికులకు మనవి!
పదిహేనో నంబరు, వయా నీళ్ళ ట్యాంకు,
జులేఖా టీచరు మల్లెపందిరి,
బయలుదేరుటకు సిద్ధ...ముగా ఉన్నది!"
ఎవరో నవ్వినారు. మళ్ళీ అరిచినాను.
మూడోసారికి గొంతు చీలింది.
రేకుల మీద వాన డప్పు కొడుతూ ఉంటే
చీకట్లోంచి తడిసిన పంచె ఒకటి వచ్చింది.
"పీలేరు పోతాదా మా?"
"పోతాది. ఎక్కు సామీ."

కిటికీ పక్క సీటు కావాలన్నాడు. ఇచ్చినాను.
చిల్లర కోసం జేబు తడుముకున్నాడు.
దిగేటప్పుడు ఇద్దువులే అన్నాను.
అమ్మణ్ణి టార్చితో వచ్చేదాకా
ఇల్లు నిజంగానే కదిలింది,
గాలికో, ఇద్దరి బరువుకో.

తరవాత డిపో పెయింటరు గురప్పను పిలిపించినాను.
అడిగినవాళ్ళకే అని చెప్తే ఇరవై రెండు మంది అడిగినారు.
పసుపు రేకు, నల్లక్షరాలు:
15. చెంగల్రాయులు. వయా ట్యాంకు.
జులేఖా టీచరు 'ఎక్స్‌ప్రెస్' అని కూడా రాయించుకుంది,
చేతికర్రతో నడిచే మనిషి.

నా బోర్డు ఒకటే మిగిలింది.
పేరు రాసి, చుక్క పెట్టి,
వయా దగ్గర బ్రష్షు ఆపి
గురప్ప నా వైపు చూస్తా ఉన్నాడు.
"రంగు ఆరిపోతాంది మేడమ్" అంటా ఉన్నాడు.