నిండాకే కదులుద్ది

డాబా మీద బకెట్లో సంచి నానేశాను.
నాలుగు నీళ్లు మార్చినా ఎరుపు వదల్లేదు.
కింద ఆటో కడుక్కుంటున్న మస్తాన్‌వలి
తూములోంచి కారే నీళ్లు చూసి
"ఏందక్కా, కారం బస్తా ఉతుకుతున్నావా?" అన్నాడు.
గుంటూర్లో ఎరుపంటే ఇంకేం గుర్తొస్తుంది?
మట్టిరా, అన్నాను. టేటె దగ్గరి మట్టి.
"తెనాలి అవతలా?"
అవును, కాస్త అవతల.

పొగాకు గ్రేడింగు షెడ్డులో పందొమ్మిదేళ్లు
రంగుని బట్టి ఆకుల్ని విడదీశాను.
సూపర్వైజరు గదిలో ఒక మ్యాపు ఉండేది,
మనకి పోటీ దేశాల చుట్టూ ఎర్ర సున్నాలతో.
ధర పడిపోయినప్పుడల్లా
ఆ సున్నాల్లో ఉన్నవాళ్లని తిట్టుకునేవాళ్లం,
వాళ్ల మొహాలెలా ఉంటాయో తెలియకుండానే.
షెడ్డు మూసేస్తూ చేతిలో పెట్టిన డబ్బుతో
గాజులు చేయించుకోమంది వదిన.
నేను ఈ సంచి కొన్నాను,
పచ్చజ్వరం సూది వేయించుకున్నాను,
దార్ ఎస్ సలామ్‌లో దిగాను.

అక్కడ బండికి టైముండదు. నిండాకే కదులుద్ది.
సలీమా స్టాండులో మూడున్నర గంటలు కూర్చున్నాను,
కాళ్ల మధ్య ఎవరిదో కోడి,
ఒళ్లో ఎవరిదో పిల్లాడు.
కిటికీలోంచి ఉడికిన గుడ్లు, సబ్బులు, టార్చిలైట్లు
లోపలికొస్తున్నాయి, బేరం తెగక పోతున్నాయి.
కండక్టరు కుర్రాడు బండిని చరుస్తాడు,
డ్రైవరు గజం ముందుకి, గజం వెనక్కి.
బయల్దేరుతున్నామని నటన.
ఈ విద్య మన మంగళగిరి ఆటోల వాళ్లదే,
ఎవరు ఎవరికి నేర్పారో!

పక్కనావిడ పేరు ఎస్నాటి.
గంపలో ఎండు చేపలు. కళ్లు మూసుకుంటే నిజాంపట్నం.
చేపలకి ముందు పదకొండేళ్లు ఆకు కోసిందట.
గోళ్ల కింద దిగిపోయిన నల్ల జిగురు చూపించింది.
నా వేళ్లు పక్కన పెట్టాను.
ఇద్దరం ఏం మాట్లాడలేదు.
కాసేపటికి పోటీ దేశం
నా భుజానికి ఆనుకుని నిద్రపోయింది.

లేచాక మీదే ఊరంది.
మిరపకాయల ఊరని గొప్పలు పోయాను.
కొంగు ముడి విప్పి
వడ్లగింజ కంటే కాస్త పెద్ద కాయ నా చేతిలో పెట్టింది.
ఇదీ ఒక కాయేనా అనుకుంటూ నమిలాను.
ఎక్కిళ్లు, కళ్లనీళ్లు, ముక్కునీళ్లు.
యార్డు మొత్తం పరువు ఆ సీట్లోనే పోయింది.
బండి బండంతా నవ్వింది,
వెనక సీటు నుంచి నీళ్ల సీసా చేతులు మారి వచ్చింది.
ఆ సందట్లో చివరి మనిషి ఎక్కినట్టున్నాడు,
తల పైకెత్తేసరికి చెట్లు వెనక్కి పోతున్నాయి.

అన్నీ ఇలాగే లేవు.
చిమోయోలో గడియ పడని గదిలో
తలుపుకి మంచం అడ్డంపెట్టి మూడు రాత్రులు జ్వరం.
గోడ మీద బల్లితో తెలుగు మాట్లాడాను.
అది ఇంటికి చెప్పలేదు.
ఎస్నాటికి ఫోను లేదు. నేను అడ్రసు అడగలేదు.
అది ఎవరికీ చెప్పలేదు.

సంచి నానుతుంటే సర్ఫు కోసం బయటికొచ్చాను.
బస్టాండు ఎదురుగా మంగళగిరి షేరాటో.
వెనక సీట్లో ఒక పొడుగు కుర్రాడు, ఏదో కాలేజీ స్టూడెంటు,
ఒళ్లో పది కిలోల మొక్కజొన్న పిండి సంచి
పసిబిడ్డలా పట్టుకుని,
కదలని బండిలో
కదలని బండ్లు బాగా అలవాటైనవాడిలా కూర్చున్నాడు.

మూలీ బ్వాంజీ, అన్నాను.
నా వెనక ఎవరన్నా ఉన్నారేమోనని చూశాడు.
మళ్లీ నన్ను చూశాడు.
పిండి సంచి ఇటు నుంచి అటు మార్చాడు.

"ఒక్కరు! ఒక్కరు తక్కువ!"
డ్రైవరు అరుస్తున్నాడు.
మంగళగిరిలో నాకేం పని లేదు.

కాస్త జరగండి, అన్నాను.