ఒక్క గీత

రాత్రి రెండుంబావు.
నల్లకుంట రోడ్డు మీద చివరి ఆటో కూడా దగ్గుకుంటూ వెళ్ళిపోయింది.
సెంట్రిఫ్యూజ్ తిరిగి తిరిగి ఆగింది.
తెరమీద ఎర్రగా ఒక అంకె:
పొటాషియం, ఆరు పాయింట్ ఎనిమిది.
పేరు అంజమ్మ. వయసు యాభై రెండు. మంచం పందొమ్మిది.

ట్యూబు ఎత్తి దీపానికి అడ్డంగా పట్టాను.
సీరం ఎండుగడ్డి రంగులో తేటగా ఉంది,
రక్తకణాలు చితికిన ఎరుపు లేదు.
అంటే అబద్ధం చెప్పడం లేదు.

ఇలాంటి అంకెను ప్రింటర్‌కి అప్పగించి ఊరుకోకూడదు.
కాగితం మెట్లెక్కి మూడో అంతస్తు చేరేలోగా
గుండె తన లెక్క తప్పుతుంది.

ఏడో రింగుకి ఎత్తింది సిస్టర్ సలోమి.
చెప్పాను. తిరిగి చెప్పమన్నాను.
"ఏందక్కా, నా మీద నమ్మకం లేదా?"
నీ మీద ఉంది సలోమీ,
ఈ తీగ మీద లేదు.
మానిటర్ల కూతల మధ్య, సగం నిద్రలో
ఆరు మూడుగా వినబడిందనుకో,
మూడు పాయింట్ ఎనిమిది అంటే అంతా కులాసా,
నువ్వు మళ్ళీ బల్లమీద తల వాలుస్తావు.
"ఆరు పాయింట్ ఎనిమిది. అంజమ్మ. పందొమ్మిది."
ఇప్పుడు రాసుకున్నాను:
రెండు ఇరవై ఒకటి. విన్నది సలోమి. తిరిగి చెప్పింది.

అంజమ్మ అనే పేరు వినగానే
నా చెయ్యి ఇప్పటికీ ఒక క్షణం ఆగుతుంది.

కంప్యూటర్లు రాని రోజులు.
అడ్డగుట్ట అంజమ్మ, బోరబండ అంజమ్మ,
ఒకే పొద్దున, ఒకే వార్డులో, పక్కపక్క మంచాల మీద.
ఒకరి షుగర్ ఇంకొకరి వరుసలో రాశాను.
తెలిసేసరికి నోరెండిపోయింది.
ఎవరూ చూడకముందే గీకేద్దామని
గడ్డం బ్లేడు తీశాను.

మునీర్ సాబ్ నా మణికట్టు పట్టుకున్నాడు.
"మిటావ్ నక్కో బేటీ."
తర్వాత తెలుగులోకి దిగి, మెల్లగా:
"ఒక్క గీత గియ్యి. కింద అంకె కనబడాలె.
పక్కన సంతకం, తారీఖు, టైము.
ఇగ ఉరుకు పైకి, డాక్టరమ్మకు నువ్వే చెప్పు."

ఉరికాను. చెప్పులు ఎక్కడ ఊడాయో తెలియదు.
ఇన్సులిన్ సూదిలోకి ఎక్కింది కానీ
ఒంట్లోకి ఎక్కలేదు.
ఆ రోజు సూది కన్నా గీత ముందు చేరింది.
డాక్టరమ్మ తిట్టిన తిట్లు మాత్రం
ఏ రిజిస్టర్‌లోనూ లేవు.

మునీర్ సాబ్ పోయి తొమ్మిదేళ్ళు.
ఇప్పుడు తెర మీద అంకె మారిస్తే
పాతది అడుగున మిగిలే ఉంటుంది,
ఎవరు, ఎప్పుడు, ఎందుకు అన్నవి కూడా.
కొత్తగా చేరిన ఎల్లేష్ నా పాస్‌వర్డ్ అడిగాడు,
"ఒక్క నిమిషమే మేడమ్."
బీరువా తాళం కావాలంటే ఇస్తానురా,
ఇది నా చేతిరాత.

ఇంకొకటి కూడా నేర్చుకున్నాను, ఎవరూ నేర్పకుండానే.
చిక్కడపల్లి మార్కెట్లో ఒకావిడ
నా పక్కనే నిలబడి బెండకాయలు విరిచి చూస్తుంది.
ఆమె కొడుకు రిపోర్టు నేనే చూశాను,
ఆమె ఇంకా చూడలేదు.
"ఈ ఏడు బెండ ముదిరిపోయింది" అంటుంది.
"అవునండీ" అంటాను.
నాకు తెలిసింది నాకు తెలియనట్టే
పావుకిలో ఏరుకుని ఇంటికొస్తాను.

మొన్న రికార్డు గదిలో
గడువు తీరిన రిజిస్టర్లు ముక్కలు చేయించే లిస్టు,
రెండు సంతకాలు కావాలన్నారు.
ఒకటి నాది.
పెట్టేముందు ఒక్క పేజీ వెతికాను.
చెమ్మకు సిరా గోధుమరంగు తిరిగింది,
వెండి పురుగు ఒక మూల కొరికింది.
గీత అలాగే ఉంది, వణుకుతూ.
కింద నా తప్పు
చక్కగా చదవొస్తోంది.
సంతకం పెట్టాను. టైము కూడా వేశాను, అడక్కపోయినా.

మూడు పది. ఫోను.
"అక్కా, మందిచ్చినం. మళ్ళా శాంపిల్ పంపుతున్నం."
వార్డుబాయ్ మెట్లు దిగుతున్న చప్పుడు.
వెచ్చటి ట్యూబు అరచేతిలోకి వచ్చింది.
లేబుల్ ఒకసారి చదివాను.
కళ్ళద్దాలు తుడుచుకుని ఇంకోసారి.
అంజమ్మ.

"బాబూ, ఆగు.
ఏ అంజమ్మ?"