ఒకటో నంబరు మీట

రుస్తవీ సంతలో కొన్నాను దాన్ని.
ఇరవై మూడేళ్ల జర్మనీ కారు.
ముదురాకుపచ్చ, నీడలో నిలబెడితే నలుపు.
ఆరు సిలిండర్లు.
పేరుకు తగ్గట్టే కారుతుంది, ఏడు చోట్ల.
అమ్మేవాడు బానెట్ మీద చెయ్యేసి
గుర్రాన్ని నిమిరినట్టు నిమిరాడు.
ఏదీ, పళ్లు చూపించు, అన్నాను.
వాడికి అర్థం కాలేదు.

నా పని అది మరి.
కుతాయిసీలో, బజారు వెనక, రెండో అంతస్తులో
మనుషుల్ని చూడకుండా పళ్లు చేస్తాను.
డబ్బాలో ప్లాస్టర్ అచ్చు వస్తుంది, చీటీ మీద పేరు.
ఏ దవడతో నములుతారో
నిద్రలో ఎవరి మీద పళ్లు నూరుతారో
అచ్చే చెబుతుంది.

తలుపు మీద మూడు మీటలు.
మొదటి రాత్రి ఊరికే ఒకటి నొక్కాను.
సీటు మూలిగి వెనక్కి జరిగింది
పెడల్ నా కాలికి అందనంత దూరం.
స్టీరింగు పైకి లేచింది.
పక్కద్దాలు రెండూ మెల్లగా తల తిప్పి
నా నెత్తి మీదుగా
ఇంకెవరినో చూశాయి.

ఆరడుగుల పైమాటే అతను.
నడుము దగ్గర మెత్త బాగా ఉబ్బించి ఉంది,
నొప్పి ఉండేదేమో.
వెనక్కి వాలిపోయి షోకు చేసే రకం కాదు,
నిటారుగా కూర్చుని, దూరం చూసేవాడు.
సొరుగులో సిరా ఎగిరిపోయిన పార్కింగ్ చీటీ,
కరిగి మళ్లీ గడ్డకట్టిన పిప్పరమెంట్లు నాలుగు.
రెండో మీట నాది చేసుకున్నాను.
ఒకటి అలాగే వదిలేశాను.

జనవరిలో నీళ్ల పంపు పోయింది.
మార్చిలో కిటికీ అద్దం తలుపులోకి జారిపోతే
పాలిథిన్ కాగితం కట్టుకుని, వానలో,
సంత్రెదియా దాకా వెళ్లి ఒక ముసలమ్మకి పళ్లిచ్చి వచ్చాను.
ఏనుగును కొన్నాక అంకుశానికి బేరమాడకూడదట,
జుంబేర్ బిల్లు రాస్తూ నవ్వుతాడు.
డ్యాష్‌బోర్డు మీద అక్షరాలు సగం చచ్చాయి.
రోజూ ఏదో జర్మన్ మాట వెలుగుతుంది,
తల తెగి, తోక మిగిలి.
తిడుతోందో బతిమాలుతోందో తెలీదు.

ఈ డబ్బుకి కొత్త కొరియా కారు వచ్చేది కదే,
పంటి నొప్పి లేనిది, అంటుంది అక్క ఎతేరి.

అక్కకేం తెలుసు.
తెల్లారకముందు రికోతీ కనుమ పాత దారిలో
ఆవులింకా తారు మీదికి వచ్చి పడుకోని వేళ
మూడో గేర్లో మలుపులోకి దిగితే
నాలుగు వేల దగ్గర దాని గొంతు మారుతుంది.
అంతసేపటి సణుగుడు మానేసి
అసలు మాట ఒక్కటి చెబుతుంది.
రోడ్డు చేతుల్లోకి వస్తుంది, రాయి రాయిగా,
మెత్తటి మైనంలో కాటు పడ్డట్టు.
నాకు యాభై రెండేళ్లు.
చిటికెన వేలి ఒత్తిడికి
మాట విన్నది ఇంతవరకు ఏదీ లేదు.

అక్టోబర్లో సీటు కింద ఏదో పెట్టె కాలింది.
మార్చేశాను, కొత్తదానిలా ఉంది చూడు, అన్నాడు జుంబేర్
చేతులు గుడ్డకి తుడుచుకుంటూ.
ఒకటి నొక్కాను.
మళ్లీ నొక్కాను.
సీటు కదల్లేదు.
తలుపు చప్పుడైనా చెయ్యకుండా దిగిపోయాడు మనిషి.

అక్కడే, షెడ్డులోనే, కూర్చున్నాను.
సీటు వెనక్కి. ఇంకా. కాదు, ఇంత కాదు.
నడుము మెత్త పైకి. స్టీరింగు పైకి.
అద్దాలు నా నెత్తి దాటేదాకా.
అర అంగుళం తేడా ఉంది, నాకు తెలుస్తోంది.
పళ్లలో అయితే ఆ తేడాకి
మనిషి రొట్టె నమల్లేడు.
అయినా మీట నొక్కి పట్టుకున్నాను
టిక్కుమనేదాకా.

జుంబేర్ కిటికీలోంచి తొంగి చూశాడు,
పెడల్‌కి అందక వేలాడుతున్న నా కాళ్లని.
ఎవరి కొలత అది, అన్నాడు.

కస్టమరుది, అన్నాను.
ఇంకా వచ్చి తీసుకెళ్లలేదు.